నాన్న రాత్రంతా బాత్రూంకి లేస్తున్నారు, పగలు కూర్చున్న చోటే కునుకు.. షుగరా, ప్రొస్టేటా, ఇంకేమైనానా?

సత్తుపల్లి పిల్ల:

అందరికీ నమస్తే. మా నాన్న గురించి అడుగుదామని పెడుతున్నా, కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నాన్నకి 58, సత్తుపల్లిలో ఎరువులు విత్తనాల షాపు మాది, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. ఏడాది పైనుంచీ రాత్రిపూట నాలుగైదు సార్లు ఒంటేలుకి లేస్తున్నారు, లేచొచ్చి పడుకుంటే మళ్ళీ నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని యూట్యూబ్‌లో రాజకీయ చర్చలు చూసుకుంటూ ఏ మూడింటికో కళ్ళు మూస్తారు, పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉంది నోరు ఎండిపోయింది అంటారు. పగలు చూస్తే కౌంటర్ దగ్గరే కునుకు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే నాలుగింటి దాకా లేవరు. మొన్న వేంసూరు వైపు వసూళ్ళకి వెళ్తూ బండి మీదే కళ్ళు మూతలు పడ్డాయంట, వెనక అమ్మ ఉంది కాబట్టి గట్టిగా అరిచి లేపింది, లేకపోతే ఏమయ్యేదో.

షుగర్ అనుకుని టెస్ట్ చేయిస్తే మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చింది, బార్డర్ అన్నారు, గోళీలేం ఇవ్వలేదు. తర్వాత స్కానింగ్‌లో ప్రొస్టేట్ కొంచెం పెరిగిందని మందు రాశారు, ధార బానే వస్తోంది అంటారు గానీ లేవడం మాత్రం తగ్గలేదు. బీపీకి రెండు రకాలు వాడుతున్నా 150 కింద దిగట్లేదు.

అలవాట్లు కూడా చెప్పేస్తా దాచేదేముంది. పొద్దున్నుంచి షాపు మూసేదాకా వచ్చిన రైతుకల్లా టీ చెప్తారు, వాళ్ళతో పాటు తనూ తాగుతారు. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, పదింటికి అన్నం, తిన్న పావుగంటకే మంచం. శనివారం రెండు పెగ్గులు. పొట్ట బాగా వచ్చింది. గురక సంగతి అడక్కండి, అమ్మ తట్టుకోలేక హాల్లో పడుకుంటోంది, శనివారం అయితే హాల్లోకి కూడా వినపడుద్దంట.

ఇప్పుడు కొత్తగా ఎవరో చెప్పారని మందుల షాపులో నిద్ర గోళీ తెచ్చుకుని సగం సగం వేసుకుంటున్నారు. అది వేసుకోవచ్చా? అసలు దీనికి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, యూరాలజీకేనా మళ్ళీ?


మందుల చీటీ (ఒంగోలు):

చెల్లీ నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు, ఆ లెక్కలోనే తీసుకో. ముందు ఆ సగం గోళీ సంగతి. సాధారణంగా ఇలా చేతిలో పెట్టేది ఆల్ప్రజోలం అయ్యుంటది, అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇస్తే డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. ఊళ్ళల్లో ఎవరు రాస్తున్నారు అంటే అది వేరే కథ. గురక పెట్టే మనిషికి అది మంచిది కాదు, గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి, లేవాల్సినప్పుడు మెదడు లేవదు. శనివారం పెగ్గుతో కలిపి మాత్రం అస్సలు వద్దు. కొత్తగానే మొదలెట్టారంటున్నావు కాబట్టి డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి ఆపించు. నెలల తరబడి వాడేవాళ్ళు ఇంకెవరైనా ఇది చదువుతుంటే ఉన్నపళంగా ఆపొద్దు, ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

రెండోది, బీపీ గోళీల స్ట్రిప్పులు ఫోటో తీయించుకుని చూడు. పేరు చివర హెచ్ అక్షరం ఉంటే చాలావరకు అందులో నీరు బయటికి పంపే మందు కలిసి ఉన్నట్టు. అది రాత్రి వేసుకుంటే మనిషి రాత్రంతా బాత్రూం చుట్టూ తిరుగుతాడు, దానికి ప్రొస్టేట్ ఏం చేస్తది పాపం. ఇంకోటి ఆమ్లోడిపిన్ ఉందేమో చూడు, దానితో కొందరికి సాయంత్రానికి పాదాలు వాస్తాయి, పడుకోగానే కాళ్ళల్లో చేరిన ఆ నీరంతా రక్తంలోకి తిరిగొచ్చి ఒంటేలుగా దిగుతుంది. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా అని అమ్మని చూడమను. టైం మార్చాలా మందు మార్చాలా అన్నది రాసిన డాక్టర్నే అడగాలి, మీరు మార్చేయకండి.

షుగర్ మీద ఒక మాట. మామూలుగా రక్తంలో 180 మిల్లీగ్రాములు దాటితేనే షుగర్ మూత్రంలోకి దిగి నీటిని వెంట లాక్కెళ్తుంది. 6.1 శాతం సగటు ఉన్న మనిషి షుగర్ వల్లే రాత్రి అన్నిసార్లు లేస్తున్నాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

అసలు ప్రశ్న ఇది: గురక పెడుతూ పెడుతూ మధ్యలో సైలెంట్ అయిపోయి, కాసేపాగి ఉలిక్కిపడ్డట్టు పెద్ద శబ్దంతో మళ్ళీ మొదలెడుతున్నారా? అమ్మని అడుగు.


సత్తుపల్లి పిల్ల:

అన్నా థాంక్యూ. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశా. "అవునే, ఆగిపోతాడు, నాకు భయమేసి లోపలికొచ్చి చూస్తుంటా, అంతలో ఒక్కసారి గుర్రుమని మళ్ళీ మొదలెడతాడు" అంది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా అంటే గురకే కదా అనుకున్నా అంటోంది. స్ట్రిప్ మీద చివర హెచ్ ఉంది, అదీ రాత్రి అన్నం తిన్నాకే వేసుకుంటున్నారు.


బెజవాడ బ్యాంకోడు:

ఇంక డౌట్ ఎందుకమ్మా, నూటికి తొంభై పాళ్ళు స్లీప్ ఆప్నియానే (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) అయ్యుంటది, మిగతా పది టెస్ట్ చెప్పుద్ది. నేను సీప్యాప్ మెషిన్ (గొంతు దారి మూసుకోకుండా మాస్క్‌లోంచి గాలి నెట్టేది) పెట్టుకుని పడుకునే మనిషిని కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

మనం నిద్రపోయాక గొంతు వెనక కండరాలు వదులవుతాయి. మెడ లావుగా ఉన్నా, నాలుక వెనక్కి పడినా దారి మూసుకుపోతుంది, ఛాతీ మాత్రం గాలి కోసం గుంజుతూనే ఉంటుంది. పది సెకన్లో ముప్ఫై సెకన్లో అలా ఆగి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, మెదడు కంగారుపడి ఒక్క క్షణం లేపుతుంది, గుర్రుమని గాలి పీల్చుకుని మళ్ళీ నిద్ర. మనకి గుర్తుండదు. ఇలా గంటకి ఎన్నిసార్లు జరిగిందో లెక్కేస్తారు, 5 లోపు అయితే మామూలు, 15 దాకా తక్కువ రకం, 30 దాకా మధ్యరకం, 30 దాటితే సీరియస్. గంటకి ముప్ఫై అంటే రెండు నిమిషాలకోసారి మిమ్మల్ని ఎవరో భుజం పట్టి కుదుపుతున్నట్టు. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా ఏం లాభం.

ఇప్పుడు బాత్రూం సంగతి, ఇది తెలిసినప్పుడు నేనూ నోరెళ్ళబెట్టా. దారి మూసుకున్నప్పుడు ఛాతీ గట్టిగా గుంజుతుంది కదా, ఆ గుంజుడుకి రక్తం గుండెలోకి ఎక్కువ వచ్చి గుండె పై గది సాగుతుంది. గుండె ఏమనుకుంటదంటే ఒంట్లో నీరు ఎక్కువైంది తగ్గించాలి అని ఒక హార్మోన్ వదులుతుంది, అది కిడ్నీలకి చెప్పి మూత్రం తయారు చేయిస్తుంది. అంటే ఒంటేలు వచ్చి నిద్ర చెడట్లేదు, నిద్రలో ఊపిరి చెడి ఒంటేలు వస్తోంది. మెషిన్ పెట్టాక చాలామందికి ఈ లేవడం తగ్గుతుంది, నాకైతే దాదాపు పోయింది. బీపీ కూడా ఇదే బాపతు. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ పదో వంతు పైనే దిగాలి, ఊపిరాగిన ప్రతిసారీ అడ్రినలిన్ కొడుతుంటే ఎక్కడ దిగుద్ది. రెండు మూడు మందులకి లొంగని బీపీ ఉన్నోళ్ళకి స్లీప్ స్టడీ (రాత్రి పడుకోబెట్టి నిద్రలో ఊపిరి చూసే టెస్ట్) చేయించమనేది అందుకే.

డాక్టర్ సంగతి: పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, ఊపిరితిత్తుల డాక్టర్ అంటే జనం టీబీ, ఆస్తమా అనుకుంటారు గానీ నిద్ర కూడా ఎక్కువగా వాళ్ళే చూస్తారు. కొన్నిచోట్ల ఈఎన్‌టీ వాళ్ళు, న్యూరాలజీ వాళ్ళు కూడా చూస్తారు. వెళ్ళేముందు టైలర్ టేపుతో మెడ కొలవండి, 40 సెంటీమీటర్లు దాటితే అదొక గుర్తు. గురక, పగటి మత్తు, ఊపిరాగడం ఎవరైనా చూడటం, బీపీ, 50 దాటిన వయసు, మగమనిషి... మీ నాన్నగారికి లిస్టులో దాదాపు అన్నీ పడిపోయాయి.


భీమవరం పెద్దాయన:

ఇవన్నీ మా కాలంలో లేవమ్మా. గురక పెడుతున్నాడంటే గాఢ నిద్రలో ఉన్నాడని లెక్క. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని పాలల్లో నానబెట్టిన గసగసాలు నూరి కలిపి తాగించు, అరికాళ్ళకి నువ్వుల నూనె మర్దన చేయించు, ఎడమ పక్కకి తిరిగి పడుకోమను. ఆయనకి పొద్దుగూకులూ అప్పుల వసూళ్ళ టెన్షన్, అదీ రోగం. మెషిన్లు అమ్ముకునేవాళ్ళ మాటలు వినకు.


మందుల చీటీ (ఒంగోలు):

పెద్దాయనా మీ మాట కొట్టిపారేయట్లేదు, ఎడమ పక్కకి అన్నది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుద్ది, పక్కకి తిరిగితే కొందరికి గురక సగానికి సగం తగ్గుద్ది, అన్నం తిన్న వెంటనే పడుకునే వాళ్ళకి పుల్లటి త్రేన్పులు, ఛాతీ మంట కూడా ఎడమ వైపు అయితే తక్కువ. నిద్రలో వెల్లకిలా తిరిగిపోయేవాళ్ళకి బనియన్ వెనక జేబు కుట్టి అందులో బంతి పెడతారు, నవ్వులాటకి కాదు నిజంగానే చేస్తారు. అరికాళ్ళ మర్దన వల్ల నష్టమేం లేదు. కానీ ఊపిరి ఆగేవాళ్ళకి గురక గాఢ నిద్ర గుర్తు కాదండీ, గాఢ నిద్రలోకి వెళ్ళనివ్వకుండా అడ్డంపడేదే అది. మత్తు వచ్చేది ఏదైనా ఈయనకి ఇప్పుడు వద్దు. జలుబు గోళీలు, నిద్రొచ్చే దగ్గు మందులు కూడా చూసుకోండి, ప్రొస్టేట్ పెరిగిన మగాళ్ళకి వాటిల్లో కొన్నిటితో ఒంటేలు మొత్తానికే బిగుసుకుపోయి అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తిన కేసులు ఉన్నాయి.


దుబాయ్ శీను:

మధ్యలో దూరుతున్నా, ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎవరైనా ఆ గసగసాలు బ్యాగులో పెట్టుకుని రాకండి బాబూ. యూఏఈలో నిషేధం, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. అమ్మ ప్రేమగా మసాలా పొట్లాల్లో కలిపి కట్టేస్తది, మనకి తెలియను కూడా తెలీదు.


గచ్చిబౌలి గుడ్లగూబ:

సారీ అక్కా నీ థ్రెడ్‌లో నా గోల. నాకు గురక లేదు బీపీ లేదు, 27 ఏళ్ళు, యూఎస్ షిఫ్ట్. పొద్దున ఆరింటికి రూంకి వచ్చి పడుకుంటే పదకొండుకే మెలకువ వచ్చేస్తది, కింద ఫ్లోర్‌లో డ్రిల్లింగ్, కూరగాయల బండి మైకు, ఇంక నిద్ర రాదు. వీకెండ్ మాత్రం ఫ్రెండ్స్‌తో మామూలు టైమింగ్‌లో తిరుగుతా, సోమవారం మళ్ళీ నరకం. మెలటోనిన్ (నిద్ర హార్మోన్) గమ్మీలు ఆన్‌లైన్‌లో తెప్పించి తిన్నా, పెద్ద తేడా ఏం లేదు. ఏం చేయాలి?


నైట్ డ్యూటీ సిస్టర్:

గుడ్లగూబ తమ్ముడూ, ఇరవై ఏళ్ళుగా నైట్ డ్యూటీలు చేస్తున్న స్టాఫ్ నర్స్‌ని చెప్తున్నా. రూంకి వెళ్ళే దారిలో పొద్దుటి ఎండ కళ్ళల్లో పడిందంటే ఒళ్ళు తెల్లారిందనుకుని మేలుకుంటుంది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని క్యాబ్ ఎక్కు (బండి నువ్వే నడిపితే మాత్రం వద్దు, అసలు నైట్ అయ్యాక బండే నడపకు). రూంలో పడుకునే కిటికీకి మందపాటి నల్ల గుడ్డ, చెవుల్లో ప్లగ్స్. టీ కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే, ఆ తర్వాత నీళ్ళే. కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే అయిదారు గంటలు పడుతుంది, నాలుగింటికి తాగిన కాఫీ ఆరింటికి నిన్ను పడుకోనివ్వదు. అయిదు గంటలకే మెలకువ వస్తే ఫోన్‌తో కుస్తీ పట్టకుండా లేచి తిని, సాయంత్రం షిఫ్ట్‌కి ముందు ఇంకో గంటన్నర పడుకో, మేమంతా రెండు విడతల్లోనే లాగిస్తాం. వీకెండ్‌లో పూర్తిగా పగటి మనిషివైపోకుండా రాత్రి రెండు మూడింటికి పడుకుని పదకొండుకి లేస్తే సోమవారం అంత దెబ్బ ఉండదు. ఇదంతా సర్దుబాటే తప్ప పరిష్కారం కాదు. నైట్ షిఫ్ట్ పనిని క్యాన్సర్ కారకం కావచ్చు అన్న లిస్టులో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ 2007లోనే పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అదే చెప్పింది. పెళ్ళి, పిల్లలు అనేలోపు పగటి షిఫ్ట్ ప్రాజెక్టు అడుగు.

సత్తుపల్లి పాపా, నీ పోస్ట్‌లో అందరూ నాన్న గురించే చెప్తున్నారు, హాల్లో పడుకుంటున్న అమ్మ సంగతేంటి? ఆవిడ నిద్ర ఎలా ఉంది?


సత్తుపల్లి పిల్ల:

సిస్టర్ మీరు అడిగాకే అమ్మని అడిగా. అమ్మకి 51. రాత్రి ఒళ్ళంతా వేడెక్కి చెమటలు పట్టి మెలకువ వస్తదంట, ఇంకా పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు లాగుతున్నట్టు ఉండి కాళ్ళు కదిలిస్తే గానీ కుదరదంట, లేచి నాలుగడుగులు నడిస్తే తగ్గుద్దంట. నరాల వీకనెస్ అని బీ12 ఇంజెక్షన్లు చేయించుకుంటోంది.


నైట్ డ్యూటీ సిస్టర్:

చెమటలు ముట్లు ఆగే వయసువి, గైనకాలజిస్టుకి చెప్తే దానికి మందులున్నాయి, భరించాల్సిన పనిలేదు. కాళ్ళది మాత్రం నువ్వు చెప్పినదాన్ని బట్టి రెస్ట్‌లెస్ లెగ్స్ (కాళ్ళు కదపకుండా ఉండలేని జబ్బు) లాగా ఉంది. సాయంత్రం అయ్యాకే రావడం, కదలకుండా ఉంటే ఎక్కువవడం, నడిస్తే తగ్గడం, ఇవే దాని గుర్తులు. రక్తం బానే ఉంది హిమోగ్లోబిన్ 12 అని వదిలేస్తారు, అది చాలదు, సీరం ఫెరిటిన్ అని (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే టెస్ట్) విడిగా చేయించు. రిపోర్టులో నార్మల్ అని రాసినా అంకె చూడు, ఈ కాళ్ళ బాధ ఉన్నవాళ్ళకి 75 లోపు ఉంటే ఐరన్ ఇస్తారు. కిడ్నీ టెస్ట్ కూడా ఒకసారి. రాత్రి టీ మానేయమను, అన్నంతో పాటు తాగే టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు కూడా. ఇంకో మాట, ముట్లు ఆగాక ఆడవాళ్ళకి కూడా ఆప్నియా పెరుగుతుంది, గురక అంత పెద్దగా ఉండదు, ఊరికే అలసట, నిద్ర పట్టట్లేదు అంటారు, దాంతో ఎవరూ ఆ వైపు ఆలోచించరు.


సత్తుపల్లి పిల్ల:

అప్డేట్. బీపీ డాక్టర్‌తో మాట్లాడాం, హెచ్ ఉన్న గోళీ పొద్దున వేసుకోమన్నారు, నిద్ర గోళీ ఆపేయమన్నారు. లేవడం కొంచెం తగ్గింది గానీ పూర్తిగా కాదు, గురక అలాగే ఉంది. పల్మనాలజీ అంటే మాత్రం నాన్న ఒప్పుకోవట్లేదు. "గురకకి డాక్టరేంటి, ఊళ్ళో నవ్వుతారు, ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకోవడానికి నేనేమన్నా ఐసీయూలో ఉన్నానా" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?


బెజవాడ బ్యాంకోడు:

వాదించొద్దు, వీడియో తీయించు. ఊపిరి ఆగి మళ్ళీ మొదలయ్యేది కనపడేలా రెండు మూడు నిమిషాలు చాలు. నేనూ ఇలాగే ఎగిరా, మా ఆవిడ వీడియో చూపించింది, నా ఛాతీ ఎగిసిపడుతోంది గాలి మాత్రం లోపలికి పోవట్లేదు, అది చూశాక ఇంక నోరెత్తలేదు. అదే వీడియో డాక్టర్‌కి కూడా పనికొస్తది. బండి మీద కునుకు సంగతి మాత్రం మెత్తగా చెప్పొద్దు, టెస్ట్ అయ్యేదాకా బండి తాళం అమ్మ దగ్గరే ఉండాలి.

మెషిన్ గురించి నిజాలు చెప్తా. మొదటివారం చిరాకే, మాస్క్ పక్క నుంచి గాలి లీకై కంట్లోకి కొడుతుంది, ముక్కు ఎండిపోద్ది, సైజు మార్చి తేమ పెట్టే గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోస్తే సర్దుకుంది. కరెంటు పోతే ఆగిపోద్ది కాబట్టి ఇన్వర్టర్ లైన్‌కి కలిపించుకోవాలి. ఖర్చు ఉంటది, మంచి మెషిన్ అంటే వేలల్లోనే, కొనేముందు అద్దెకి తీసుకుని అలవాటు అవుతుందో లేదో చూసుకోండి. కొన్ని ఆస్పత్రుల్లో టెస్ట్ అవ్వగానే అక్కడే కొనమని నెత్తిన కూర్చుంటారు, పెద్దాయన అన్నదాంట్లో ఆ ముక్క వరకు నిజమే, ఒకరోజు ఆగి బయట రేటు అడగండి. దీన్ని 1980 ప్రాంతంలో సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టర్ కనిపెట్టాడు, మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో తయారు చేసుకున్నారంట, ఇప్పటివి మాత్రం పక్కన పడుకున్నోళ్ళకి వినపడవు కూడా. అందరికీ మెషినే అని కూడా కాదు, తక్కువ రకం వచ్చిందంటే బరువు తగ్గడం, పక్కకి పడుకోవడం, పెగ్గు మానడంతోనే లాగించేవాళ్ళున్నారు. పెగ్గు వేస్తే తొందరగా నిద్ర పడుతుంది నిజమే, తెల్లవారుజాము నిద్రంతా ముక్కలైపోద్ది, గురక డబుల్.


సత్తుపల్లి పిల్ల:

వీడియో పని చేసింది!! అమ్మ తీసి పంపింది, నేను ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతా అని బెదిరించా, వెంటనే సరే పద అన్నారు. ఖమ్మంలో చూపించాం, మెడ 43 ఉంది, స్లీప్ స్టడీ రాశారు, వచ్చే మంగళవారం రాత్రి పడుకోవాలి అక్కడే. ఆ రోజు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? టీ తాగొచ్చా? మామూలుగా వేసుకునే గోళీలు?


బెజవాడ బ్యాంకోడు:

బీపీ గోళీలు మామూలుగానే, డాక్టర్ ప్రత్యేకంగా ఆపమంటే తప్ప. మధ్యాహ్నం తర్వాత టీ వద్దు, పెగ్గు సంగతి చెప్పక్కర్లేదు. ఆ రోజు మధ్యాహ్నం పడక కూడా మానిపించండి, లేకపోతే కొత్త చోట రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. లుంగీ, ముందు గుండీలుండే చొక్కా పట్టుకెళ్ళండి, ఛాతీకి బెల్టులు కడతారు. తల స్నానం చేయించి పంపండి, నూనె మాత్రం చుక్క కూడా రాయొద్దు, తలకి అంటించే వైర్లు జారిపోతాయి, నన్ను అందుకే పదింటికి మళ్ళీ షాంపూ చేసుకుని రమ్మన్నారు.